వెయ్యేళ్ల బకెట్

మన గతానికి ఇక మంచి రోజులు వచ్చాయని మంత్రిగారు ప్రకటించారు. "నిన్నటిదాకా మన గతాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. నేను వచ్చాను కాబట్టి ఇకమీదట గతం విషయంలో ఎవరూ వెనక్కి తిరిగి చూడాల్సిన పని లేదు" అన్నారు. ఇందుకోసం ఆయన 'వారసత్వ మహానిధి' అనే పథకం పెట్టారు. ప్రభుత్వం కొంత వేస్తుంది, దాతలు కొంత వేస్తారు, ఆ నిధితో పాడైపోతున్న పురావస్తువులను కాపాడతారు. పత్రికలవాళ్లు ప్రకటన పక్కనే ఫొటో కూడా వేశారు. అందులో మంత్రిగారు ఒక రాతి విగ్రహం భుజం మీద చెయ్యి వేసి, చిన్ననాటి స్నేహితుడితో దిగినట్టు దిగారు.

ఆ పత్రిక చదివి నిజంగా సంతోషించిన మనిషి ఒక్కరే. ఆవిడ మ్యూజియంలో క్యూరేటరు. అందరూ క్యూరేటరమ్మ అంటారు. ఆవిడకి మహానిధి మొత్తం అక్కర్లేదు. పెద్ద హాలు కప్పు ఒకచోట కారుతోంది. అది బాగు చేయిస్తే చాలు.

కప్పు కారడానికి హాల్లో ఇంకెక్కడా చోటు దొరకనట్టు, సరిగ్గా నీటికుండ దిమ్మ మీదే కారుతోంది. ఆ నీటికుండ వెయ్యేళ్ల నాటిది. మెడ చుట్టూ జేగురు రంగుతో గీసిన బాతుల బారు ఉంటుంది. బాతులన్నీ బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. చిట్టచివరి బాతు మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తూ ఉంటుంది. ఎందుకు చూస్తోందో వెయ్యేళ్లుగా ఎవరికీ తెలీదు. క్యూరేటరమ్మకి ఆ బాతంటే ప్రాణం. ఉద్యోగంలో చేరిన రోజున దాన్ని చూసి నవ్వుకుంది. అప్పటినుంచి ఆఫీసులో ఎవరితో మాట పడ్డా వచ్చి కాసేపు దాని ముందు నిలబడి వెళ్లేది. వెయ్యేళ్లకి పొడిబారిన ఆ రంగుకి ఇప్పుడు తడి పనికిరాదు. నీటిచుక్క తగిలిందంటే వేలికి అంటుకొస్తుంది.

అందుకని మొదటి చుక్క పడ్డ రోజే ఆవిడ కుండని ఎత్తుకెళ్లి తన గదిలో బల్ల మీద పెట్టుకుంది. దిమ్మని జరపడానికి వీల్లేదు, సిమెంటుతో నేలకి అతికించారు. దిమ్మకి బిగించిన ఇత్తడి పలకని ఊడదీయడానికీ వీల్లేదు, దానికి కమిటీ అనుమతి కావాలి. కమిటీలో ఉన్నవాళ్లంతా రిటైరయ్యారు. పలక మీద 'వెయ్యేళ్ల నాటి నీటిపాత్ర' అని అలాగే ఉండిపోయింది. ఖాళీ దిమ్మ పైన, చుక్కలు పట్టడానికి, స్వీపరక్క తన బకెట్ తెచ్చి పెట్టింది. పాత ఇనుప బకెట్. తుప్పు పట్టి, రెండు మూడు చోట్ల సొట్టలు పడింది. దాని మీద 'లేడీస్ బాత్‌రూమ్' అని ఎప్పుడో రంగుతో రాశారు. ఇప్పుడు ఆ అక్షరాల్లో అక్కడో వంపు, ఇక్కడో సున్నా మిగిలాయి.

మంత్రిగారు మ్యూజియం చూడటానికి వచ్చిన రోజున చెప్పిన వేళకే వచ్చేశారు. అలా ఎన్నడూ జరగలేదు కాబట్టి ఎవరూ సిద్ధంగా లేరు. బకెట్ తియ్యడానికి వెళ్తున్న స్వీపరక్క గుమ్మంలోనే ఆగిపోయింది.

మంత్రిగారు కత్తుల్ని చూశారు, నాణేల్ని చూశారు, కిటికీని చూశారు. దేని దగ్గరా ఆగలేదు. తిన్నగా దిమ్మ దగ్గరకి వచ్చి ఆగారు. పలక చదివారు. బకెట్ వంక చూశారు. మళ్లీ పలక చదివారు.

"వెయ్యేళ్లు" అన్నారు మెల్లగా.

పైనుంచి ఒక చుక్క బకెట్‌లో పడి టప్పుమంది.

"నీళ్లు కూడా పోస్తున్నారే?"

"జీవకళ ఉట్టిపడాలని సార్" అన్నాడు పీఏ. మంత్రిగారి ప్రశ్నకి జవాబు లేకుండా ఉండటం ఆ పీఏ ఉద్యోగజీవితంలో లేదు.

మంత్రిగారు బకెట్ పిడి పట్టుకుని అటూ ఇటూ ఊపారు. "చూశావా? ఎటు తిప్పితే అటు తిరుగుతోంది. వెయ్యేళ్ల కిందటే ఇంత ఆలోచించారు మనవాళ్లు. ఈ టెక్నాలజీ ఇప్పుడెవరికైనా వచ్చా?"

పీఏ కాసేపు ఆలోచించి, "ఇంకా రాలేదు సార్" అన్నాడు.

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. ఆయన కళ్లు చెమర్చడం అరుదైన విషయం కాబట్టి ఫొటోగ్రాఫర్లు దగ్గరకి జరిగారు. మహానిధిలోంచి మొట్టమొదటి గ్రాంటు ఈ పాత్రకే ఇస్తున్నానని ఆయన అక్కడికక్కడే ప్రకటించారు.

క్యూరేటరమ్మ నోరు తెరిచింది. వెంటనే మ్యూజియం డైరెక్టరుగారు ఆవిడ కాలు తొక్కారు. ఆయన బూటు గట్టిది.

"సార్, అది బకెట్" అంది ఆవిడ గొంతు తగ్గించి.

"నాకు కనబడటం లేదా ఏంటి? మంత్రిగారు కన్నీళ్లు పెట్టుకున్నారు. కన్నీళ్లని కరెక్ట్ చేసి ప్రమోషన్ తెచ్చుకున్నవాళ్లని నేనైతే చూళ్లేదు. మీరు చూశారా?"

ఆవిడా చూడలేదు. పైగా ఆవిడకి ఇంకో ఆలోచన వచ్చింది. డబ్బు ఏ పేరున వస్తేనేం, ఈ హాలుకే వస్తుంది. బకెట్‌ని కాపాడాలన్నా ముందు కప్పు బాగు చెయ్యాల్సిందే. కప్పు బాగుపడ్డాక బకెట్ స్వీపరక్కకి పోతుంది, కుండ దిమ్మ మీదికి వస్తుంది, ఎవరూ పట్టించుకోరు. ఇలా అనుకుని నోరు మూసుకుంది. చాలా తెలివిగా మూసుకున్నానని కూడా అనుకుంది పాపం.

నిధి వచ్చింది. ముందు గాజుపెట్టె వచ్చింది. గాజుపెట్టెకి ఏసీ వచ్చింది. ఏసీకి స్టెబిలైజరు వచ్చింది. వీటన్నిటికీ కాపలాగా తుపాకీతో ఒక గార్డు వచ్చాడు. కప్పు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఆవిడే వెళ్లి డైరెక్టరుగారిని అడిగింది.

"కప్పు పురావస్తువా?" అన్నారాయన.

"కాదు సార్."

"మరి వారసత్వ నిధి దానికెలా వాడతాం? ఈ బిల్డింగ్ కట్టి నలభై ఏళ్లయింది. ఇంకో అరవై ఏళ్లు ఓపిక పట్టండి. కప్పు కూడా పురావస్తువైపోతుంది. అప్పుడు మొదటి అప్లికేషన్ మనదే."

ఆవిడ నిరాశపడలేదు. దాతల దగ్గరికి బయల్దేరింది. ఊళ్లో అందరికన్నా పెద్ద దాత సిమెంటు వ్యాపారి. మంచిదే అనుకుంది, కప్పుకి కావలసిందీ సిమెంటే కదా. ఆయన కుర్చీ వేయించి కూర్చోబెట్టారు, టీ తెప్పించారు. చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు.

"సిమెంటుకేం తల్లీ, కావలసినంత. కానీ నా పేరు ఎక్కడ రాయిస్తారు?"

"కప్పు మీద రాయిస్తామండి."

"కప్పు మీద రాస్తే ఎవరు చదువుతారమ్మా, కాకులా?"

అంతలో వ్యాపారికే ఒక ఉపాయం తట్టింది. పైన కారుతుంటే కింద గాజుపెట్టె మీద చుక్కలు పడతాయి కదా, దాని మీద ఒక ఇత్తడి గొడుగు చేయించి ఇస్తానన్నారు. చేయించారు కూడా. గొడుగు మీద ఆయన పేరు, గొడుగు లోపల వాళ్ల నాన్నగారి పేరు, కర్ర మీద పొడుగ్గా కంపెనీ పేరు చెక్కించారు. ఆ రోజునుంచి చుక్కలు గాజుపెట్టె మీద పడటం మానేశాయి. గొడుగు అంచున జారి, చూడటానికి వచ్చిన జనం మీద పడటం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత ప్రొఫెసరుగారు వచ్చారు. బకెట్ మీది లిపిని పరిశోధించమని ఆయనకి మహానిధి నుంచి మూడేళ్ల ప్రాజెక్టు ఇచ్చారు. ఆయన పెద్ద పండితుడు, చదవలేని లిపి లేదు. భూతద్దం పెట్టి ఒక పూటంతా బకెట్ చుట్టూ తిరిగారు. క్యూరేటరమ్మకి జాలేసింది.

"అది 'లేడీస్ బాత్‌రూమ్' అండీ" అంది.

"తెలుసమ్మా. వచ్చిన ఐదు నిమిషాల్లోనే చదివాను."

"మరి?"

"మూడేళ్ల ప్రాజెక్టు కదా. మొదటిరోజే చదివేస్తే మిగతా రోజులు ఏం చెయ్యను? రెండో ఏడాది చివరికి 'లే' దాకా వస్తాను."

బకెట్ పేరు ఊరంతా పాకింది. చూడటానికి జనం వరస కట్టారు. అంతటి పాత్ర ఉన్న చోట మామూలు బకెట్లు తిరగడం దాని గౌరవానికి భంగమని ఎవరికో తోచింది. వెంటనే ఆర్డరు వచ్చింది. మ్యూజియం ఆవరణలోనూ, ముందున్న వీధిలోనూ ఏ రకం బకెట్టూ కనబడకూడదు. ఎదుటి కొట్టువాడు గుమ్మానికి వేలాడదీసిన ప్లాస్టిక్ బకెట్లన్నీ లోపల దాచేసి, అడిగినవాళ్లకి కాగితంలో చుట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు.

స్వీపరక్క క్యూరేటరమ్మ గది గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడింది.

"అమ్మగారూ, నా బకెట్టు నాకిప్పించండి. ఇన్నాళ్లనుంచి దోసిళ్లతో నీళ్లు తెచ్చుకుని తుడుస్తున్నాను."

"నీది ఇవ్వడానికి వీల్లేదక్కా. దానికి గార్డు కూడా ఉన్నాడు."

"నాకే లేడు గార్డు" అంది అక్క. "పోనీ కొత్తదన్నా కొనిపెట్టండి."

"కొనడానికీ వీల్లేదు. బకెట్ కనబడితే కేసు పెడతారు."

అక్క ఆవిడ వంక జాలిగా చూసింది. తర్వాత బల్ల వంక చూసింది. "అమ్మగారూ, మీ కుండ పక్కన తడిగా ఉందేంటి?"

క్యూరేటరమ్మ గబుక్కున తలెత్తి చూసింది. తన గది కప్పు మీద కూడా చెమ్మ మచ్చ ఒకటి పాకుతోంది. బల్ల అటు జరిపింది. నాలుగు రోజులకి మచ్చ కూడా అటే జరిగింది. ఆవిడకి భయం పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్దామంటే పురావస్తువుని గేటు దాటించడం నేరం. బిల్డింగ్ అంతా వెతికింది. ప్రతి గదిలోనూ ఏదో ఒక మూల తడే. మొత్తం మ్యూజియంలో పొడిగా ఉన్న చోటు ఒకే ఒక్కటి మిగిలింది. దానికి గాజు ఉంది, ఏసీ ఉంది, పైన ఇత్తడి గొడుగు ఉంది. ముందు 'వెయ్యేళ్ల నాటి నీటిపాత్ర' అని పలక కూడా ఉంది.

ఆ పాత్రని జాతికి అంకితం చేసే రోజు వచ్చింది. పొద్దున్నే, ఎవరూ రాకముందే, క్యూరేటరమ్మ కుండని పొడిగుడ్డలో చుట్టుకుని హాల్లోకి వచ్చింది. స్వీపరక్క కూడా వచ్చింది. గార్డు వాళ్లిద్దరినీ చూశాడు. ఆవిడ తాళం తీసింది. బకెట్ బయటికి వచ్చింది, కుండ లోపలికి వెళ్లింది.

"నువ్వేమీ అనవా?" అని అడిగింది ఆవిడ, ఆశ్చర్యంగా.

"నాకిచ్చిన డ్యూటీ గాజుపెట్టెని చూసుకోమని మేడమ్. లోపల ఏముందో చూడమని ఎవరూ చెప్పలేదు" అన్నాడు గార్డు.

స్వీపరక్క తన బకెట్‌ని గుండెలకి హత్తుకుని లేడీస్ బాత్‌రూమ్ వైపు వెళ్లిపోయింది. గాజు వెనక బాతులు బుద్ధిగా నడుస్తున్నాయి. చివరి బాతు వెనక్కి తిరిగి క్యూరేటరమ్మనే చూస్తున్నట్టుంది. ఆవిడకి చాలారోజుల తర్వాత హాయిగా అనిపించింది. గాజుపెట్టె మీద తెర కప్పి, వెళ్లి మొహం కడుక్కుంది.

సభ నిండుగా జరిగింది. డైరెక్టరుగారు మంత్రిగారిని పొగిడారు, మంత్రిగారు దాతని పొగిడారు, దాత గొడుగుని పొగిడారు. చప్పట్ల మధ్య మంత్రిగారు తెర లాగి, మైకు పట్టుకుని జనం వైపు తిరిగారు. లోపలికి మాత్రం చూడలేదు. చూడకుండా మాట్లాడటం ఆయనకి అలవాటే.

"ఇదిగో, ఈ లోహాన్ని చూడండి. వెయ్యేళ్లయినా చెక్కు చెదరలేదు. ఈ సొట్టలు చూడండి, ఎన్ని యుద్ధాల్లో దెబ్బలు తిందో. అన్నిటికన్నా ముఖ్యంగా ఈ పిడి చూడండి. ఎటు తిప్పితే అటు..."

గాజుపెట్టె తలుపు తీసి, పిడి కోసం చెయ్యి లోపలికి పెట్టారు. గాలిలో రెండుసార్లు తడిమారు. అప్పుడు చూశారు.

"పిడి ఏదయ్యా?"

పీఏ మొదటిసారి జవాబు లేకుండా నిలబడ్డాడు. డైరెక్టరుగారు క్యూరేటరమ్మ కాలు కోసం వెతికారు గాని ఆవిడ అప్పటికే మైకు దగ్గరకి వెళ్లిపోయింది.

"సార్, నిజంగా వెయ్యేళ్ల నాటిది ఈ కుండే. మీరు చూసింది బాత్‌రూమ్ బకెట్. ఆ రోజే చెప్పాల్సింది. కప్పు బాగవుతుందని ఆశపడి చెప్పలేదు. నాదే తప్పు."

ముందుగా సిమెంటు వ్యాపారి లేచారు. "నేను గొడుగు చేయించింది బకెట్‌కి. మట్టికుండకి గొడుగు పట్టానంటే బజార్లో నా మొహం ఎలా చూపించుకోను?" అన్నారు. మంత్రిగారు ప్రొఫెసరుగారి వైపు తిరిగారు. "మీరు పండితులు. మీరే చెప్పండి, ఏది అసలుది?"

ప్రొఫెసరుగారు కుండ దగ్గరకి వచ్చారు. వంగి చూశారు. ఆయన నిజంగానే పండితుడు. వెనక్కి తిరిగిన బాతు దగ్గర ఆయన కళ్లు మెరిశాయి. తర్వాత మూడేళ్ల ప్రాజెక్టు గుర్తొచ్చినట్టుంది, నిటారుగా నిలబడ్డారు.

"కుండలదేముందండీ, ఎవరైనా చేస్తారు" అన్నారు. "దీని మీద లిపి కూడా లేదు."

దాంతో విషయం తేలిపోయింది. గార్డు, పీఏ పరుగెత్తుకెళ్లి లేడీస్ బాత్‌రూమ్‌లోంచి బకెట్‌ని ఊరేగింపుగా తీసుకొచ్చారు. అందులో సబ్బునీళ్లు, తుడుపుగుడ్డ కూడా ఉన్నాయి. వెనకే స్వీపరక్క "నా బకెట్టండీ" అంటూ వచ్చింది గాని చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. వెయ్యేళ్ల తర్వాత కూడా వాడుకలో ఉన్న పురావస్తువు ప్రపంచంలో ఇదొక్కటేనని ప్రొఫెసరుగారు అప్పటికప్పుడు మైకులో చెప్పారు. డైరెక్టరుగారు తుడుపుగుడ్డని జాగ్రత్తగా మడిచి, విడిగా ఇంకో గాజుపెట్టెకి రాసుకోమన్నారు. మంత్రిగారు క్యూరేటరమ్మని క్షమించారు. ఆయన ఎంత పెద్ద మనసుతో క్షమించారంటే, ఫొటోగ్రాఫర్ల కోసం ఇంకోసారి క్షమించారు.

కుండని గాజుపెట్టెలోంచి తీసి నేల మీద పెట్టారు. ఆవిడ పరుగున వెళ్లి ఎత్తుకోబోయేలోగా బయట వాన అందుకుంది. గొడుగు అంచునుంచి మొదటి చుక్క సరిగ్గా మంత్రిగారి నడినెత్తిన పడింది. రెండో చుక్కా అక్కడే పడింది.

"ఏదన్నా పెట్టండయ్యా కింద" అన్నారు మంత్రిగారు.

అందరూ అటూ ఇటూ చూశారు. ఆర్డరు పక్కాగా అమలవుతోంది, ఆవరణలో బకెట్ అన్నది లేదు. పీఏ కళ్లు కుండ మీద పడ్డాయి. కాలితో చుక్క కిందికి జరిపాడు.

"వద్దండీ, దానికి తడి తగలకూడదు" అంటూ క్యూరేటరమ్మ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ కుండ మెడ చుట్టూ అడ్డం పెట్టింది. గార్డు ఆవిడని మర్యాదగా లేపి పక్కన నిలబెట్టాడు. "నకిలీ సరుక్కి ఇంత బాధపడితే ఎలా మేడమ్?" అన్నాడు పీఏ, ఓదార్పుగా.

చుక్కలు ధార కట్టాయి. నీళ్లు కుండలో పడి చిట్లుతుంటే తుంపర మెడ మీదికి చిమ్ముతోంది. జేగురు రంగు సన్నగా కిందికి జారుతోంది. బాతులు ఒకదాని వెనక ఒకటి, వచ్చిన వరసలోనే వెళ్లిపోతున్నాయి. ఆవిడకి ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చింది. అది సంతోషం కాబోలని ఒక ఫొటోగ్రాఫరు ఫొటో తీసుకున్నాడు.

మంత్రిగారు బిస్కెట్లు తిని, టీ తాగి, వెళ్లబోతూ కుండ దగ్గర ఆగారు. ఈసారి నిజంగానే చూశారు.

"కుండ మాత్రం మంచిదేనయ్యా. ఇందాకట్నుంచి గమనిస్తున్నాను, ఒక్క చుక్క బయటికి రాలేదు. ఏమ్మా, ఈ రోజుల్లో ఇంత గట్టి కుండలు ఎవరు చేస్తున్నారు?"

"ఈ రోజుల్లో ఎవరూ చెయ్యడం లేదండి" అంది క్యూరేటరమ్మ.

మంత్రిగారు తల పంకించారు. మంచి వస్తువు ఎక్కడున్నా గుర్తించే గుణం ఆయనది. "ఇలాంటివి ఇంకో పది తెప్పించి, కప్పు ఎక్కడెక్కడ కారుతోందో అక్కడల్లా పెట్టించండి. ఖర్చుకి వెనకాడొద్దు. నిధి ఉన్నదెందుకు?"

డైరెక్టరుగారు వెంటనే రాసుకున్నారు. మంత్రిగారి కారు గేటు దాటింది. క్యూరేటరమ్మ కుండ దగ్గర వంగి చూసింది. వెనక్కి తిరిగి చూసే బాతు అప్పటికే లేదు.

"విన్నారుగా మేడమ్. పదీ ఒకే సైజువి చూడండి" అన్నారు డైరెక్టరుగారు. "బాతులు లేకపోయినా ఫర్వాలేదు."